ఎర్రపెన్ను కొట్టేసిన గోడ

"ఈ గోడ తీసేయండి!"

గుడ్ మార్నింగ్ లేదు, పాడూ లేదు. డ్రాయింగ్ మీద అడ్డంగా ఎర్రగీత కొట్టి డిజైనర్ టేబుల్ మీద పడేసిందామె. మంటలొచ్చినా, గ్యాస్ పేలినా సముద్రంలో గ్యాస్ తీసే ప్లాట్‌ఫామ్ తట్టుకుంటుందా లేదా అని లెక్కలు కట్టే సేఫ్టీ ఇంజనీర్. ఆమెకి 'ఎర్రపెన్ను' అని పేరు పెట్టింది ఇతనే. తక్కినవాళ్ల తప్పులు మెయిల్‌లో వెళ్తాయి. ఇతని దగ్గరికి మాత్రం స్వయంగా వచ్చి మరీ తిడుతుంది. డిజైనర్‌గారికి ఒళ్లు మండేది అక్కడే.

"తీయను. స్టీలు గోడ. ఏనుగు గుద్దినా కదలదు."

"అదే నా ఏడుపు! కంప్రెసర్ గదికి మూడు వైపులా గోడలున్నాయి. ఇప్పుడు నాలుగో వైపూ మూసేశారు. గ్యాస్ లీకైతే ఎటు పోతుంది? లోపలే పోగవుతుంది. నిప్పురవ్వ తగిలితే చాలు."

"ఏసీలో కూర్చుని గీతలు కొట్టడం తేలికే! మా అన్నయ్య అక్కడే మెకానిక్. చలిగాలికి వేళ్లు కొంకర్లు పోయి స్పానర్ పట్టుకోలేకపోతున్నాడు. ఆ గోడ వాడి కోసం పెట్టాను. చాలా?"

ఆమె ముఖం పాలిపోయింది. గెలిచాననుకున్నాడు పిచ్చివాడు.

"సొంత అన్నయ్యని డబ్బాలో పెట్టి మూతేస్తారా? బుద్ధుందా మీకు?"

ఆఫీసంతా తలలు తిప్పింది. ఆమె లాప్‌టాప్‌ని అతని ముక్కు మీదకి తోసింది. పేలుడు తాకే చోటంతా ఎర్రగా ఉంది. గోడ లేని లెక్కలో ఆ ఎరుపు కంప్రెసర్ దగ్గరే ఆగింది. గోడ ఉన్న లెక్కలో మనుషులు పడుకునే గదుల దాకా పాకింది.

సాయంత్రానికి డ్రాయింగ్ ఆ గోడ తయారుచేసే యార్డుకి వెళ్లాలి. తన మీద తనకే పట్టరాని కోపం వచ్చి, అన్నయ్యకి ఫోన్ కొట్టి స్పీకర్‌లో పెట్టి, సంగతంతా చెప్పాడు.

"చలేస్తే ఇంకో స్వెట్టర్ తగిలించుకుంటాను గానీ, ముందా గోడ పీకెయ్‌రా బాబూ!" అన్నాడు అన్నయ్య. "ఇంతకీ చెప్పిందెవరు? నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా తిట్టే ఎర్రపెన్నేనా?"

"ఫోన్ చేసినప్పుడల్లానా?" అందామె, కనుబొమలు ముడేసి.

"అదే పురాణం తల్లీ! ఇంట్లో ఎవరి గురించీ ఇంతసేపు మాట్లాడి ఎరగడు. వీణ్ని ఇలాగే తిడుతూ ఉండు. నా ఆశీస్సులు నీకే."

అన్నయ్య ఫోన్ పెట్టేశాడు. కిటికీ మీద వాన దబదబా కొడుతోంది. అతను గోడ చెరిపేశాడు.

"చలికి పైనా కిందా సందు వదిలి తేలిక రేకులు పెడదాం. పేలితే అవే ఊడిపోతాయి," అందామె. కోపం ఇంకా దిగలేదు, ముక్కు ఎర్రగానే ఉంది.

"నేనంటే మీకెందుకండీ ఇంత కోపం?"

"ఇన్నాళ్లకి అడిగారా? ఆ కోపమే లేకపోతే మీక్కూడా మెయిల్ పెట్టి ఊరుకునేదాన్ని కాదూ!"