చిటికె రెండో విద్య

కింద ఇస్త్రీపెట్టె వేడెక్కితే పై అంతస్తులో కళ్ళద్దం పెచ్చు లేస్తుందని ఎక్కడైనా విన్నారా? ఆ మేడలో లేచేది. వారానికి రెండుసార్లకి తక్కువ కాకుండా లేచేది.

కింద బట్టలు సరిచేసే కొట్టు. వదులైన నడుములు బిగించడం, బిగిసిన నడుములు వదులు చెయ్యడం అక్కడి పని. మేడ మీద కళ్ళద్దాల కొట్టు. రెండింటికీ కరెంటు ఒకే తీగ మీద వచ్చేది. కింద ఇస్త్రీ, పైన అద్దం బిగించి వదిలితే దానంతటదే అంచు అరగదీసే చక్రం ఒకేసారి పనిలోకి దిగాయా, మెట్ల మలుపులో మీటరు పెట్టెలోని స్విచ్చు టప్పున పడిపోయేది. కింద చీకటి, పైన చీకటి, టక్కున ఆగిన చక్రంలో అద్దం పెచ్చు. ఆ తర్వాత మెట్ల మీద యుద్ధం.

కింది కొట్టు పిల్లని వాళ్ళ పిన్ని సూదిపిల్ల అనేది. పనిలోనూ సూదే, మాటలోనూ సూదే. పైనున్న అతను అద్దాలబ్బాయి. ఊరందరికీ చూపు సరిచేస్తాడు, తన కళ్ళజోడు మాత్రం ఎప్పుడూ ముక్కు చివరికి జారి ఉంటుంది.

ఆ సోమవారం స్విచ్చు పడేసరికి ఇద్దరూ ఒకేసారి మీటరు పెట్టె దగ్గరికి వచ్చారు.

"నా చక్రం తిరుగుతున్నప్పుడే మీకు ఇస్త్రీ గుర్తొస్తుందేమండీ?" అన్నాడతను.

"మీ చక్రం జాతకం నా ఇస్త్రీపెట్టెకి తెలియదండీ."

"ఇదిగో చూడండి. ఒక పెద్దాయన కుడికంటి అద్దం. అంచు పెచ్చు లేచిపోయింది. ఆయన వచ్చి అడిగితే మీ దగ్గరికే పంపిస్తాను."

"పంపండి. ఒంటికంటితో చూసినా మీకన్నా మర్యాదగానే మాట్లాడతారాయన. నా సంగతో? పది మడతల గౌను. ఐదు మడతలు తేలాక పెట్టె చల్లారిపోయింది. సగం మడతలతో వేసుకెళ్ళమని చెప్పనా?"

"చెప్పండి. కొత్త ఫ్యాషన్ అనుకుంటారు."

ఆమె స్విచ్చు పైకి నెట్టి, గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది. దిగాక గాని జ్ఞాపకం రాలేదు, ఇంకో రెండు మాటలు అనడం మర్చిపోయానని. ఆ రెండు మాటలూ గొంతులో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కుట్టింది.

మధ్యాహ్నం ఒంటిగంటకి పిన్ని అన్నం తిని, బట్టల మూట మీద తల వాల్చేది. రెండింటిదాకా కుట్టుమిషనుకీ ఇస్త్రీపెట్టెకీ కూడా సెలవే. ఆ గంటా సూదిపిల్ల ఫోనులో మంత్రగత్తె అయిపోయేది.

మంత్రగత్తె అంటే చీపురెక్కి తిరిగే రకం అనుకునేరు. ఆన్‌లైన్ ఆటలో మేజ్ అంటారు. వేలు చాపితే నిప్పు కురుస్తుంది, అదొక్కటే దానికొచ్చిన విద్య. ఒళ్ళు మాత్రం అప్పడం. ఎవరైనా గట్టిగా తాకితే పొడైపోతుంది. ఆటలో ఆమె పేరు చిటికె. మొదటిరోజునే ఒక కప్ప చేతిలో నాలుగుసార్లు చచ్చింది. ఐదోసారి కప్ప ఎగిరి దూకేసరికి మధ్యలో ఒక పెద్ద డాలు వచ్చి నిలబడింది. డాలు వెనక ఉన్నవాడి పేరు తాబేలు.

"కప్పతో ఏం గొడవ నీకు?" అని రాశాడు తాబేలు.

"అదే మొదలుపెట్టింది" అని రాసింది చిటికె.

అది మొదలు. నెలరోజులుగా మధ్యాహ్నం గంటా తాబేలు ముందు నిలబడి దెబ్బలు తినడం, చిటికె వెనకనుంచి నిప్పు విసరడం. మధ్యమధ్యలో బోలెడు కబుర్లు. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తారు అన్నవి ఒకరినొకరు అడగకూడదని మొదట్లోనే అనుకున్నారు. పేరు తెలియని మనిషితో నువ్వు అని మాట్లాడటంలో ఏదో హాయి ఉంది.

మంగళవారంనాటికి చిటికెకి పదో లెవెల్ వచ్చింది. పదో లెవెల్‌కి వచ్చిన మంత్రగత్తె రెండో విద్య ఒకటి నేర్చుకోవాలి. శనివారం మధ్యాహ్నం రెండింటిలోపు తను ఎంచుకోకపోతే ఆటే ఏదో ఒకటి అంటగట్టేస్తుంది. ఒకసారి తీసుకున్నాక మార్చుకోవడం జన్మలో కుదరదు.

"ఏం తీసుకోను?" అని అడిగింది.

"మూడున్నాయి" అని రాశాడు తాబేలు. "కత్తి పడితే మంత్రం అయిపోయినా కొట్టొచ్చు. కానీ నువ్వు కత్తి పట్టుకుంటే ముందు నాకు భయం. దొంగ విద్య తీసుకుంటే కనబడకుండా మాయమై పారిపోవచ్చు, ఎవరి తోడూ అక్కర్లేదు. మూడోది హీలర్, వైద్యం. ఎదురుగా నిలబడ్డవాళ్ళ గాయాలు మాన్పొచ్చు. నీ గాయం మాత్రం నువ్వు మాన్పుకోలేవు."

"అదేం వైద్యం? ఊరందరికీ పెట్టి తను పస్తుండటమా?"

"అందుకే ఎవరూ తీసుకోరు. ముందు ఒకడు డాలు పట్టుకుని నిలబడతాడన్న నమ్మకం ఉంటేనే పనికొస్తుంది. నేనేం చెప్పను గాని, నెలరోజులుగా ఒకమ్మాయి కోసం దెబ్బలు తింటున్నవాడొకడు నాకు తెలుసు. వీపుకి కాస్త మందు రాస్తే కాదనడు."

సూదిపిల్ల ఫోను చూసి ముసిముసిగా నవ్వుకుంది. పిన్ని ఒక కన్ను తెరిచింది.

"కుట్టుకి సంబంధించిన నవ్వు కాదే అది."

"నువ్వు పడుకో పిన్నీ."

బుధవారం మళ్ళీ స్విచ్చు పడింది, మళ్ళీ మాటలు పెరిగాయి. ఒళ్ళు మండిపోయి ఆ మధ్యాహ్నం తాబేలు దగ్గర వెళ్ళగక్కుకుంది. పక్కన ఒక మొండి మనిషి ఉన్నాడని, తన పని చెడగొడుతున్నాడని, అడిగితే వెటకారమాడుతున్నాడని. ఏం పని అని అతను అడిగితే, ఏదైతే నీకేం అంది.

తాబేలుకి తనకన్నా ఎక్కువ కోపం వచ్చింది. "అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదు. ఓనరు ఉంటాడు కదా, కాగితం రాసి ఇవ్వు. నీకు రాయడం రాకపోతే నేను చెప్తాను, రాసుకో."

చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే, ఆమె అక్షరం పొల్లుపోకుండా ఎక్కించింది. 'పాడైన యంత్రాన్ని బాగుచేయవచ్చును గాని, మర్యాద పాడైన మనిషిని బాగుచేసే పనివాడు దొరకడు' అన్న వాక్యం దగ్గరైతే చదివి చదివి మురిసిపోయింది. చివర కరెంటు సంగతి తను చేర్చి, సంతకం పెట్టి, సాయంత్రం మేడ ఓనరు గారికి ఇచ్చేసింది.

గురువారం తాబేలు ఆటకి రాలేదు.

శుక్రవారం వచ్చాడు గాని మనిషి మారిపోయాడు. డాలు పట్టుకుని నిలబడ్డాడు, దెబ్బలు తిన్నాడు, ఒక్క జోకు వెయ్యలేదు.

"రెండో విద్య గురించి ఆలోచించాను" అని రాశాడు. "దొంగ విద్య తీసుకో."

"మొన్న మందు రాయమన్నావు."

"మొన్న స్వార్థం కొద్దీ అన్నాను. రేపటినుంచి నేను పనిచేసే చోటు మారుతోంది. అక్కడ నెట్ అందదు, మధ్యాహ్నాలు రాలేను. నువ్వు వైద్యం తీసుకుని ఒంటరిగా మిగిలిపోతే మళ్ళీ కప్ప చంపేస్తుంది. మాయమైపోవడం నేర్చుకుంటే నీ బతుకు నువ్వు బతుకుతావు."

ఎందుకు మారుతున్నావు అని రాసింది. అప్పటికే తాబేలు ఆటలోంచి వెళ్ళిపోయాడు. ఆరోజు ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసి, మళ్ళీ విప్పింది.

"ఎవరే ఆ అబ్బాయి?" అంది పిన్ని.

"ఏ అబ్బాయి?"

"చొక్కాకి ఒకవైపే రెండు చేతులు పెట్టించినవాడు."

శనివారం తెల్లవారినప్పటినుంచీ వాన. మామూలు వాన కాదు, చుట్టాలింటికి వచ్చి వెళ్ళనంటే వెళ్ళనని కూర్చున్న వాన. రెండింటికి ఓనరు గారు వస్తారని, పైవాళ్ళని వెనకగదికి పంపేస్తారని పొద్దున్నే కబురొచ్చింది. గెలిచానని సంతోషించాల్సింది. మనసు ఫోనులో ఉండి సంతోషించే తీరిక దొరకలేదు. వెనకగదికి కిటికీ కూడా లేదని, అద్దంలో గీత చూడాలంటే పగటి వెలుగు కావాలని పిన్ని ఏదో గొణిగింది. అదీ చెవికెక్కలేదు.

ఒకటిన్నర అయింది. తెరమీద మూడు గుర్తులు వెలుగుతున్నాయి, కత్తి, ముసుగు, మందుగిన్నె. పక్కనే తాబేలు నిలబడి ఉన్నాడు, ఆఖరిసారి.

"తొందరగా ముసుగు నొక్కు" అని రాశాడు. "నేను చూసి వెళ్తాను. నిజానికి నీకొకటి చెప్పా"

అంతే. మాట మధ్యలో ఆగిపోయింది. తాబేలు రాయిలా బిగుసుకుని, తలమీద 'కనెక్షన్ పోయింది' అని పడింది.

సరిగ్గా అప్పుడే కొట్టులో దీపం ఆరిపోయింది. సూదిపిల్ల తలెత్తింది. పిన్ని ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

"ఈ కోటు రెండింటికే కావాలన్నారే. మధ్యాహ్నం పూట కూడా ఆ అబ్బాయి చక్రం తిప్పుతాడని నాకేం తెలుసు?"

నిజమే, మధ్యాహ్నం గంటలో ఇస్త్రీ వెయ్యడం ఆ కొట్టులో అదే మొదలు. ఫోను తన సొంత నెట్ మీద నడుస్తోంది కాబట్టి దానికేం కాలేదు. కరెంటు పోయింది ఈ మేడకి. మరి తాబేలుకేమయింది?

మెట్లమీద అడుగుల చప్పుడు. మీటరు పెట్టె తలుపు కిర్రుమంది. టక్. దీపం వెలిగింది. అడుగులు మళ్ళీ పైకెక్కాయి. కాసేపటికి తెరమీద తాబేలు కదిలాడు.

"సారీ. కరెంటు పోయి వైఫై ఆగింది" అని రాశాడు.

ఆమె పైకప్పు వైపు చెవి పెట్టింది. చక్రం చప్పుడు పైన మళ్ళీ మొదలయ్యేదాకా ఆగింది. లేచి వెళ్ళి, పిన్ని పక్కకి తీసి పెట్టిన ఇస్త్రీపెట్టె స్విచ్చు తనే వేసింది.

టప్. చీకటి. తెరమీద తాబేలు మళ్ళీ రాయి అయిపోయాడు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అంది పిన్ని.

"పట్టినట్టే ఉంది పిన్నీ" అని, ఫోను పట్టుకుని మెట్లెక్కింది.

మీటరు పెట్టె దగ్గర అతను ఎదురయ్యాడు. అతని వెనక, మెట్ల పైన కొట్టు తలుపు తెరిచి ఉంది, లోపల సగం సర్దిన అట్టపెట్టెలు. స్విచ్చు మీద చెయ్యి పెట్టబోయి ఆగాడు.

"రెండుసార్లా?" అన్నాడు. "వెళ్ళిపోతున్నానుగా అండీ. ఇంకో అరగంట ఓపిక పట్టలేకపోయారా?"

ఆమె ఫోను తిప్పి చూపించింది. తెరమీద బిగుసుకుపోయిన తాబేలు. పక్కన చిటికె.

అతను కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. ఆశ్చర్యపోలేదు. తప్పుచేసి దొరికిపోయినవాడిలా నేలచూపులు చూశాడు.

"మీకు ముందే తెలుసు" అంది.

"గురువారం తెలిసింది. ఓనరు గారు కాగితం చదివి వినిపించారు. మర్యాద పాడైన మనిషిని బాగుచేసే పనివాడు దొరకడు అన్నదాకా వచ్చేసరికి, ఆహా, ఎవరో గాని బాగా రాశారే అనుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది, రాసింది నేనే అని."

నవ్వు రాకూడదనుకుంది. వచ్చేసింది. పెదవి కొరుక్కుని ఆపింది.

"మరి ఓనరు గారితో ఏమన్నారు?"

"ఒక్క మాట కూడా అబద్ధం లేదన్నాను. నేనే రాసి నేనే కాదంటే ఏం బాగుంటుందండీ?"

"ఆ గదికి కిటికీ లేదు."

"లేదు."

"నెట్ కూడా లేదు. అయినా నన్ను దొంగ విద్య తీసుకోమన్నారు."

"మీరు నా మొహం చూడటానికి ఇష్టపడరని కాగితం మీద సంతకం పెట్టారు కదా. ఇంక మిమ్మల్ని ఎలా ఉండిపొమ్మనను? కనీసం కప్ప చేతిలో చావకూడదని."

వాన కిటికీ మీద దబదబా కొడుతోంది. ఆమె ఫోను తమ ఇద్దరి మధ్యా పట్టుకుంది. టైము రెండుకి ఐదు నిమిషాలు తక్కువ. వేలు ముసుగు మీదుగా పోయి, మందుగిన్నె మీద ఆగింది.

"ఆగండి" అన్నాడు. "అది మీకు పనిచెయ్యదు. ఎదురుగా ఉన్నవాళ్ళకే."

"తెలుసు. మీరే చెప్పారు."

"ముందు ఎవరూ నిలబడకపోతే పనికిరాదు."

"అదీ మీరే చెప్పారు."

"మళ్ళీ మార్చుకోవడం కుదరదు."

"అది కూడా నువ్వే చెప్పావు" అని, నొక్కేసింది.

తెరమీద చిటికె చేతుల్లో పచ్చటి వెలుగు పుట్టింది. మెట్ల చీకట్లో ఆ కాస్త వెలుగూ అతని మొహం మీద పడింది. కళ్ళజోడు మళ్ళీ ముక్కు చివరికి జారి ఉంది. ఆమె ఒక్క వేలితో దాన్ని పైకి నెట్టింది.

"ఇందాక ఏదో చెప్పబోతుంటే కరెంటు పోయింది" అంది. "ఏమిటది?"

"అదే" అన్నాడు. "నువ్వు ఇప్పుడు నొక్కావే, అదే."

కిందనుంచి దగ్గు వినిపించింది. ఓనరు గారు గొడుగు ముడుస్తూ నిలబడి ఉన్నారు, చేతిలో వెనకగది తాళంచెవి. ఆయన పక్కన పిన్ని.

"అమ్మా, మీరే దగ్గరుండి ఖాళీ చేయిస్తున్నారా?" అన్నారాయన.

"నా కాగితం నాకు ఇచ్చెయ్యండి సార్."

"రాసేది మీరే, వెనక్కి తీసుకునేదీ మీరేనా?"

"రాసింది నేను కాదులెండి" అంది.

ఓనరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. పిన్నికి అంతా అర్థమైపోయింది. ఆయన చేతిలోంచి తాళంచెవి మెల్లగా తీసుకుని, "ఆ గదిలో మా బట్టల మూటలు పెట్టుకుంటాంలెండి" అంది. పైకి చూసి, "బాబూ, ఆ అట్టపెట్టెలు విప్పుకో. అలాగే ముందు ఆ స్విచ్చు వెయ్యి, నా కోటు సగంలో ఉంది" అంది.

కొత్త కరెంటు తీగ వేయిస్తానని ఓనరు గారు అన్నారు. ఆయన అన్నవి జరగడానికి కాలం పడుతుంది కాబట్టి సూదిపిల్ల తన దారి తను చూసుకుంది. కోటుగుండీలు కుట్టే గట్టి దారం తీసి, కిటికీలోంచి పైదాకా లాగి, అతని బల్ల దగ్గర ఒక చిన్న గంట కట్టింది. ఇస్త్రీ వేసేముందు ఒకసారి లాగితే పైన చక్రం ఆపాలి. చక్రం తిప్పేముందు అతను లాగితే కింద ఇస్త్రీ తియ్యాలి. ఆనాటినుంచి ఆ మేడలో ఒక్క అద్దమూ పెచ్చు లేవలేదు, ఒక్క మడతా సగంలో ఆగలేదు.

చిటికె ఇప్పుడు పదిహేనో లెవెల్. వైద్యం ఇంకా సరిగ్గా రాదు. తాబేలు వీపుకి రాయాల్సిన మందు ఒక్కోసారి కప్పకి రాసేస్తుంది.

గంట కట్టి వారం తిరక్కుండానే పిన్ని ఒక మధ్యాహ్నం కన్ను తెరిచి చూసింది. సూదిపిల్ల కిటికీ దగ్గర నిలబడి దారం లాగుతోంది. పైన గంట మోగింది. కాసేపాగి మళ్ళీ లాగింది.

పిన్ని చెయ్యి చాపి ఇస్త్రీపెట్టెని ముట్టుకుంది.

"ఇది చల్లగా ఉంది కదే" అంది.

సూదిపిల్ల వెనక్కి తిరగలేదు. దారం అటువైపునుంచి రెండుసార్లు కదిలింది.