సొంత కోరికపై

ప్రతి నెలా ఇరవై ఐదో తేదీ వచ్చిందంటే ఎస్తర్‌కు ఒళ్లు మండిపోయేది.

ఎస్తర్ ప్రొద్దుటూరులో 'ఊరట' అనే కౌన్సెలింగ్ సంస్థలో పనిచేస్తుంది. మనసు బాగాలేనివాళ్లు వచ్చి ఎదురుగా కూర్చుంటే ఓపిగ్గా వినడం ఆమె ఉద్యోగం. దేవుడిచ్చిన ఓపికంతా వాళ్లకే ఖర్చయిపోయేది కాబట్టి తోటి ఉద్యోగులకు చిటికెడు కూడా మిగిలేది కాదు. అసలు మిగలాల్సింది ఈ ఉద్యోగులకే. ఎందుకంటే ఆమె నెత్తిన ఇంకో పని ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు సెంటర్లలో ఎవరు చేరారు, ఎవరు మానేశారు, ఎవరికి బిడ్డ పుట్టింది, ఎవరు ట్రైనింగుకు పోయొచ్చారు అన్న సంగతులన్నీ పోగుచేసి 'మన వార్తలు' అని నెలకో కాగితం అచ్చేయాలి. మూడు నోటీసు బోర్డులకూ గుచ్చాలి.

"చిన్న పనే కదమ్మా" అంది డైరెక్టర్ మైమూన్ మేడం, ఆ పని అప్పగించిన రోజు.

చిన్న పనట!

జమ్మలమడుగు కలీం తన వార్తను తొమ్మిది నిమిషాల వాయిస్ మెసేజ్‌గా పంపేవాడు. అందులో ఏడు నిమిషాలు లారీ హారన్లే. పులివెందుల హీనా పన్నెండు ఫోటోలు పంపేది. పన్నెండింటిలోనూ అదే అరటి మొక్క, చుట్టూ మనుషులు మాత్రం మారేవాళ్లు. వీళ్లు నయం. పక్క గదిలో కూర్చునే శుభాకర్ అసలేమీ పంపేవాడు కాదు.

ఆ జూన్ నెల ఇరవై ఐదున కూడా ఆమే అతని గది తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

"శుభాకర్, ఈ పొద్దు ఇరవై ఐదు."

"అవును. రేపు ఇరవై ఆరు."

"నీ అప్డేట్ యాడ?"

"ఏమీ లేదు ఎస్తర్. పోయిన నెల మాదిరే ఉండా."

"పోయిన నెలా ఇదే చెప్పినావు."

"చూసినావా, మాట మార్చే మనిషిని కాదు."

"మనిషన్నాక నెలకు ఒక్క సంగతన్నా జరగదా అప్పా? బండి కొనలేదా? పన్ను పీకించుకోలేదా? పోనీ జ్వరమన్నా రాలేదా?"

శుభాకర్ పెన్ను కింద పెట్టి, తల కొంచెం పక్కకు వంచి, కౌన్సెలర్ ముఖం పెట్టాడు. "నీకు ఇంత కోపం ఎందుకొస్తాంది అనుకుంటాండావు?"

"నాకు కౌన్సెలింగ్ చేయద్దు సార్!"

ఎస్తర్ అతన్ని 'సార్' అన్నదంటే నిజంగానే కోపమొచ్చిందని లెక్క. మామూలప్పుడు పేరు పెట్టే పిలిచేది.

అతను చేరిన రోజు నుంచీ ఇంతే. ఏడాదిన్నర కిందట ఖాజీపేట నుంచి వచ్చి సీనియర్ కౌన్సెలర్‌గా చేరాడు. కొత్తగా చేరినవాళ్లు నింపే ఫారం ఇస్తే, 'మీ గురించి నాలుగు మాటలు' అన్నచోట 'వినడం ఇష్టం' అని రాసిచ్చాడు. "నాలుగు మాటలు అడిగితే రెండే రాసినారేంది?" అని ఆమె నిలదీస్తే, "మిగతా రెండు మీరు చెప్పండి, వింటా" అన్నాడు. అప్పుడే ఆ ఫారం అతని నెత్తిన వేసి కొట్టి ఉంటే పీడా పోయేది.

కొట్టలేదు. పైగా రెండు నెలలు తిరక్కుండానే ఇంకో పొరపాటు చేసింది. తొండూరు నుంచి వచ్చిన ఒకామె తన కష్టం చెప్పుకుంటూ చెప్పుకుంటూ, ఉన్నట్టుండి ఎస్తర్ మీద అరిచి, విసురుగా లేచి వెళ్లిపోయింది. ఎస్తర్ తలుపేసుకుని ఏడ్చింది. అరగంట తర్వాత తలుపు తీస్తే, శుభాకర్ వరండాలో బెంచీ మీద రెండు టీ గ్లాసులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె గ్లాసు చల్లారిందని చూసి, అది తనే తాగేసి, పోయి వేడిది ఇంకోటి తెచ్చిచ్చాడు. ఆ టీ తాగుతూనే ఎస్తర్ అతని మీద మనసు పారేసుకుంది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది, అతనికి మాత్రం ఇప్పటికీ తెలిసినట్టు లేదు. ఊరందరి మనసూ చదివే మనిషికి పక్క గది మనసు చదవడం రాదా? ఎవరికి చెప్పుకోవాలి ఈ బాధ!

మర్నాడు మైమూన్ మేడం తన వంతు వార్తలు రాసిన చీటీ ఇచ్చింది. మూడో లైను చదివి ఎస్తర్ అక్కడే ఆగిపోయింది.

'శుభాకర్: పులివెందుల సెంటర్‌కు బదిలీ. జూలై ఒకటి నుంచి. సొంత కోరికపై.'

"మేడం, ఇది... ఆయనే అడిగినాడా?"

"నాలుగుసార్లు అడిగినాడమ్మా. నేనే వద్దంటా వచ్చినా. ఇంక పడలేక సంతకం పెట్టినా. మంచి వీడ్కోలు రాయి, నాలుగు లైన్లు."

బదిలీ అంటే పైవాళ్లను తిట్టుకోవచ్చు. సొంత కోరికంటే ఎవరిని తిట్టాలి? ఎస్తర్ కంప్యూటర్ ముందు కూర్చుని వీడ్కోలు టైపు చేసింది. 'శుభాకర్ గారు మన సెంటర్‌కు చేసిన సేవలు' దగ్గర ఆగి చెరిపేసింది. 'శుభాకర్ గారికి మనం అంటే' అని మొదలుపెట్టి అదీ చెరిపేసింది. మూడోసారి 'పోతే పో' అని టైపు చేసి, బాగానే ఉందనిపించి, కాసేపు అలాగే ఉంచింది.

శనివారం కేసు రివ్యూ ఉంటుంది. అంటే జూనియర్లు వారమంతా చూసిన కేసులు సీనియర్‌కు చెప్పాలి, ఎక్కడ తప్పారో అతను చెబుతాడు. ఎస్తర్ రివ్యూలు చేసేది శుభాకరే. ఆ శనివారం ఆమె ఫైళ్లు టేబుల్ మీద పెట్టిన చప్పుడుకు పక్కింటి కుక్క మొరిగింది.

"చెప్పు ఎస్తర్."

"ఏముంది సార్ చెప్పేదానికి. చెప్పాల్సినోళ్లే చెప్పరు."

"బదిలీ గురించా?"

"ఏడాదిన్నరగా ప్రతి నెలా అడిగినా సార్, ఏమన్నా సంగతి ఉంటే చెప్పండని. పోయే సంగతి కూడా మేడం చీటీలో చూసి తెలుసుకోవల్లనా నేను? నాతో పని చేసేది కష్టంగా ఉంటే నోరు తెరిచి అనచ్చు గదా!"

"కష్టం కాదు."

"మరేంది?"

శుభాకర్ నోరు తెరిచాడు. ఎస్తర్ ముందుకు వంగింది. అతను గోడ గడియారం చూసి, ఫైలు చూసి, నోరు మూసుకున్నాడు.

"సోమవారం చెప్తా" అన్నాడు.

"సోమవారం మీ ఆఖరి రోజు సార్!"

"అవును. అందుకే."

ఇట్లాంటి మనిషిని ఏం చేసినా పాపం లేదని ఎస్తర్‌కు ఆ క్షణంలో గట్టిగా అనిపించింది.

సాయంత్రం ఆఫీసు జీపు జమ్మలమడుగు పోతుంటే ఎక్కింది. ఆమె ఇల్లు అక్కడే. దారిలో వాన మొదలైంది. వాన కూడా ఏమంత వాన, అద్దం మీద దుమ్మును బురద చేసేంత, అంతే. వైపర్ రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

"ఏందమ్మా, శుభాకర్ సారు పులివెందులకు పోతాండంట?" అన్నాడు డ్రైవర్ వలి బాషా.

"పోనీ అన్నా."

"అట్లంటావేందమ్మా? అంత నిమ్మళమైన మనిషి. జీపులో కూచుంటే ఉండాడో లేడో కూడా తెలీదు. ముద్దనూరు దాటినాక ఒగ మాట, పులివెందుల వచ్చినాక ఒగ మాట. అంతే."

"ఏమంటాడు ఆ రెండు మాటలు?"

వలి బాషా ఆలోచించాడు. "మొన్న నీ గురించే అడిగినాడు. మీ నాయన చర్చి గుళ్లో ఏం పని చేస్తాడని. ఆదివారం ప్రకటనలు చదివేది బెంజమిన్ సారే గదా అని చెప్పినా. రెండో మాట యాదికి రాల్యా."

దానికి ఏం అర్థముందో ఎస్తర్ ఆలోచించే స్థితిలో లేదు. ముఖం కిటికీ వైపు తిప్పుకుని, దుమ్ము పడిందన్న వంకతో కళ్లు తుడుచుకుంది.

సోమవారం వచ్చింది. సాయంత్రం దాకా శుభాకర్ సోమవారం చెబుతానన్న ముక్క చెప్పలేదు. జమ్మలమడుగు సీనియర్ కౌన్సెలర్ కలీం వస్తే, తలుపేసుకుని అతనితో ఫైళ్లు లెక్కచూస్తూ కూర్చున్నాడు. ఎస్తర్ 'పోతే పో' తీసేసి, మర్యాదగల నాలుగు లైన్లు టైపు చేసింది. ప్రింట్ తీసేముందు చివరిసారి చూసుకుంటుంటే, శుభాకర్ వచ్చి ఆమె టేబుల్ మీద ఒక కాగితం పెట్టాడు.

అది 'మన వార్తలు' అప్డేట్ ఫారం. నింపి ఉంది.

"ఇప్పుడా? మూసేసినాక ఇస్తాండావా?"

"చదువు ముందు."

చదివింది.

'ప్రకటన. జమ్మలమడుగు వాస్తవ్యులు బెంజమిన్ గారి కుమార్తె ఎస్తర్‌కును, ఖాజీపేట వాస్తవ్యురాలు నరసమ్మ గారి కుమారుడు శుభాకర్‌కును వివాహము జరుగవలెనని ఇద్దరిలో ఒకరు ఆశపడుచున్నారు. రెండవ వారి అభిప్రాయము ఇంకను తెలియలేదు. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల సంపాదకురాలికి తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన.'

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో చదివే ప్రకటన అది. చిన్నప్పటి నుంచి ఎందరి పేర్లతోనో నాన్న గొంతులో విన్నది. ఇప్పుడు తన పేరుతో చేతిలో ఉంది. కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఇంకో లైను ఉంది. 'మార్చి నెల మన వార్తలు, రెండో పేజీ, పుట్టినరోజుల కింద చూడుము.'

ఎస్తర్ నోటీసు బోర్డు దగ్గరికి నడిచింది. మే, ఏప్రిల్ కాగితాలు పైకెత్తి మార్చిది వెతికింది. పుట్టినరోజుల కింద, మేడం పంపిన నిబంధనలు పది ఉన్నాయి. ఏడోది ఇది. 'కేసు రివ్యూ చేసేవారు, తాము రివ్యూ చేస్తున్నవారితో వివాహ ప్రస్తావన చేయరాదు. అట్టి ఉద్దేశము గలవారు ముందుగా వేరే సెంటర్‌కు మారవలెను.'

టైపు చేసింది తనే. ఒక్క ముక్క చదవకుండా. మూడు ఊళ్లలో ఒక్కరూ నా కాగితం చదవరని రోజూ గోలపెట్టే మనిషి!

"అందరూ చదవరు అంటాండావే, నేను చదువుతా" అన్నాడు శుభాకర్ వెనకనుంచి. "పుట్టినరోజులతో సహా."

"మార్చి నుంచి నోట్లో పెట్టుకోని కూచున్నావా? మూడు నెలలు? ఒక్క ముక్క చెప్పింటే ఏం పోయేది?"

"నీ పని బాగుందో లేదో చెప్పే కుర్చీలో ఉండి అడుగుతే, నువ్వు కాదనేదానికి ఉంటాదా ఎస్తర్? కాదన్నా మళ్లీ శనివారం నా ముందరే కూచోవల్ల. అది తప్పు. ఐదున్నరకు నీ రివ్యూలు, ఫైళ్లు కలీంకు అప్పజెప్పి సంతకం పెట్టినా. ఐదూ ముప్పై ఐదుకు ఈ కాగితమిచ్చినా. ఇప్పుడు నువ్వు నిమ్మళంగా కాదనచ్చు."

ఇంత పొడుగు మాట అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు. కళ్లలో నీళ్లు, నోట్లో తిట్లు ఒకేసారి వచ్చాయి.

"నువ్వు నా మీద విసుగొచ్చి పోతాండావని నాలుగు రాత్రులు నిద్రల్యా నాకు. ఆ రెండో గ్లాసు టీ తెచ్చినావు చూడు, ఆ పొద్దు నుంచి నేను... ఛీ, ఎందుకులే! ఇంతమంది మనసులు చదువుతావు, నాది కనపల్యా?"

"కనపడింది. నీ నోట వినల్లని ఆశ."

"వినడం ఇష్టం కదా నీకు! విను మరి. నాకూ ఇష్టమే. అయిపాయనా?"

శుభాకర్ కౌన్సెలర్ ముఖం ఆ దెబ్బకు ఎక్కడికో పోయింది. చెవుల దాకా నవ్వుతూ నిలబడ్డాడు.

"మా నాయనకాడికి నువ్వే పోయి మాట్లాడల్ల" అంది ఎస్తర్. "ఆడ కూడా తల పక్కకు వంచి ఊ కొడితే చంపుతా."

ఆదివారం గుడి అయ్యాక శుభాకర్ బెంజమిన్ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. విషయం మూడు వాక్యాల్లో చెప్పాడు. బెంజమిన్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మా బిడ్డకు మాటలు శానా ఎక్కువ నాయనా."

"వింటా సార్."

"దేవుడు నిన్ను సల్లగా సూడనీ" అన్నాడు బెంజమిన్, నిట్టూర్చి అతని భుజం మీద చెయ్యేస్తూ. "ఇరవై ఆరేండ్లుగా నేనొక్కన్నే వింటాండా."

ఇంతకూ ఆ సోమవారం ఏమైందంటే, ఎస్తర్ ఎర్ర పెన్ను తీసింది. గడువు దాటిన అప్డేట్ వేయనని తను పెట్టిన నియమాన్ని తనే తప్పి, వీడ్కోలు నాలుగు లైన్లూ కొట్టేసి, ఆ చోట ప్రకటన పెట్టింది. 'రెండవ వారి అభిప్రాయము ఇంకను తెలియలేదు' అన్న వాక్యం మీద అడ్డంగా గీత గీసి, పైన మూడు మాటలు రాసి అచ్చుకు పంపింది.

'ఇద్దరి సొంత కోరికపై.'