ఫొటోలో దాగిన ముద్ర

చేవెళ్ల శివారులోని పూలమొక్కల ల్యాబ్. తెల్లారేసరికి సీసాల్లో పెంచుతున్న కొత్త రకం గులాబీ మొక్కలన్నీ మాడిపోయి ఉన్నాయి. ఆ సీసాల్లో ఎవరో యాసిడ్ పోశారు. మూడేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరైంది.

తలుపుకు ఫేస్ లాక్. రాత్రి దాన్ని తెరిచిన మొహం ఒక్కటే. ల్యాబ్ ఇన్‌చార్జ్ పూర్ణిమది.

"మొయినాబాద్‌ల మా ఇంట్ల పండుకున్న మేడం," అంది పూర్ణిమ ఎస్సైతో.

"కెమెరాల నీ మొహమే ఉన్నది గద!" ఓనర్ మహేశ్వర్ అరిచాడు. "అరెస్ట్ చేయుండ్రి."

ఎస్సై అరుణశ్రీ స్క్రీన్ మీది ఫొటో చూసింది. పూర్ణిమే. కానీ ఆ మొక్కలు పెంచిందీ పూర్ణిమే.

అరుణశ్రీ, ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసే జైపాల్ వైపు తిరిగింది.

"ఫొటో చూపిస్తే ఈ లాక్ తెరుసుకుంటదా?"

"పాత మెషీన్ మేడం. ఫోన్‌ల చూపిస్తే తెరుసుకోవచ్చు."

"పూర్ణిమ ఫొటో ఎవరి దగ్గరున్నది?"

"సార్ దగ్గర, ఐడీ కార్డులు గూడ చేసే మనోజ్ఞక్క దగ్గర, నా దగ్గర. ఫొటో బయటికి పోతే ఎవరి కాపీనో దొరకాలని ఒక్కో కాపీల ఒక్కో వాటర్‌మార్క్, రహస్య ముద్ర, దాచిన. కంటికి కనవడదు."

"రాత్రి కెమెరా తీసిన ఫొటోల వెతికినవా?"

"మొహం కలిసింది గదా అని... వెతకలే."

"ఇప్పుడు వెతుకు."

జైపాల్ కీబోర్డు మీద వంగాడు. సీనియర్ టెక్నీషియన్ మనోజ్ఞ గోడకు ఆనుకుని నిలబడింది. అందరూ స్క్రీన్ చూస్తుంటే ఆమె మాత్రం పూర్ణిమ కోటు మీది ఇన్‌చార్జ్ బ్యాడ్జినే చూస్తోంది. తన సొమ్ము ఎవరో ఎత్తుకుపోయినట్లు. అరుణశ్రీ ఆ చూపు గమనించింది.

"వాటర్‌మార్క్ ఉన్నది మేడం!"

అరుణశ్రీ అందరినీ దగ్గరికి పిలిచింది.

"మనిషే వచ్చి నిలబడితే మొహంల వాటర్‌మార్క్ ఎట్లొస్తది? కెమెరా చూసింది పూర్ణిమను కాదు, ఆమె ఫొటోను. మీరంతా మొహం చూసిన్రు, లోపలి ముద్ర చూడలే. జైపాల్, ఎవరి కాపీ?"

జైపాల్ తలెత్తలేదు. "మనోజ్ఞక్కది."

"నీ ఫోన్ ఎవరికన్నా ఇచ్చినవా మనోజ్ఞా?"

మనోజ్ఞ గోడ వదిలి పూర్ణిమ వైపు వేలు చూపింది.

"సీసా పట్టుకునుడు కాడికెల్లి దీనికి నేనే నేర్పిన," అంది. "ఇది ఇన్‌చార్జ్ కాంగనే లాక్‌ల నుంచి నా మొహం తీసేసిన్రు. రోజూ డోర్ ముందర నిలబడి, ఇది వచ్చేదాక ఆగాలె. కడుపు మండింది."

పూర్ణిమ ఏడుస్తూ ముందుకొచ్చింది.

"అక్కా, నన్ను ఇన్‌చార్జ్ చేయమని సార్‌కు చెప్పింది నువ్వే గద?"

"చెప్పిన," అంది మనోజ్ఞ. "నువ్వు వద్దని, అక్కనే చేయుండ్రి అంటవనుకున్న."