రంగుల షెడ్డులో పొగ

మెట్‌పల్లి పొలిమేరలో మూతబడ్డ రంగుల షెడ్డు ముందు చీకటిపడితే ఎవరూ నడవరు. వాన కురిసిన రాత్రి, నిప్పు లేకుండానే లోపల పొగ లేస్తుందట... ఘాటు వాసన వస్తుందట. అక్కడే పనిచేస్తూ గుండె ఆగి చనిపోయిన హమీద్ ఇంకా నూలు అద్దుతున్నాడని అంటారు.

ఆ మాటకు ఊరంతా భయపడింది. ఆయన భార్య షాహిదా మాత్రం వాన కోసం ఎదురుచూసింది.

ఆమె దిగులు వేరు. హమీద్ మొఖం ఆమెకు గుర్తు రావడం లేదు. గడ్డం యాదికొస్తే కళ్లు రావు. కళ్లు వస్తే నవ్వు రాదు. ఫోటో చూస్తే ఫోటోయే కనబడుతుంది, మనిషి కనబడడు.

పెళ్లైన కొత్తలో ఆయన ఆమెకు అద్దకం చూపించాడు. నీలిమందు ఉట్టి నీళ్లలో కరగదు. హైడ్రోస్ అనే తెల్లపొడి వేస్తే నీలం మాయమై, పసుపుపచ్చగా కరుగుతుంది. నూలు ముంచి పైకెత్తితే, గాలి తగిలి, చూస్తుండగానే నీలం తిరిగొస్తుంది.

"ఎటు పోతది షాహిదా? జర ఓపిక పట్టాలె," అని నవ్వేవాడు.

ఒక రాత్రి వాన దంచికొట్టి వెలిసింది. షాహిదా విరిగిన తలుపు తోసింది.

చీకటి... చూరు నుంచి చుక్కలు... మూలన సన్నగా బుసకొడుతున్న చప్పుడు —

పొగ!

కాలిన అగ్గిపుల్ల వాసన. ఆయన అంగీ వాసన. ఆ వాసనతోనే, ఒక్క క్షణం, మొఖం మొత్తం కళ్లముందు నిలిచింది — కళ్లు, గడ్డం, పక్కపన్ను కనిపించే నవ్వు.

"వచ్చినవా..." గుసగుసగా అంటూ చెయ్యి చాచింది.

వెనక నుంచి ఎవరో రెక్క పట్టి లాగారు.

"భాబీ! దూరం జరుగు!"

టార్చి వెలిగింది. హమీద్‌తో కలిసి పనిచేసిన రాయమల్లు, పొగ చూసి పార, ఇసుక బస్తాతో వచ్చాడు.

"హైడ్రోస్ డబ్బా గది. బెల్లం తెల్లబడనీకి వేస్తరు సూడు, గా పొడే. తడి తగిలితే దానంతటదే కాగి అంటుకుంటది. చూరు కారుతుంది కదా!" పారతో పొడి ఇసుక కుమ్మరించాడు. "దెయ్యమట! రాత్రి డ్యూటీ అంటే పారిపోయేటోడు, సచ్చినంక వస్తడా?"

షాహిదా పొగ వైపే చూస్తున్నది.

"ఇంకో రెండు డబ్బాలున్నయి. పొద్దుగాల తీసేపిస్త. ఊరికి ఫికర్ ఉండది."

పొగ పలచబడింది. వాసన పోతున్నది. ముందు నవ్వు పోయింది, తర్వాత కళ్లు...

షాహిదా తడినేల మీద కూలబడింది.

"అన్నా... ఒక్కటి ఉండనియ్యి."