ఓవర్‌టైం చూసి కొన్న ఫండ్

ఆ ఇంట్లో తెల్లారగానే మూడు చప్పుళ్లు మొదలవుతాయి. హాల్లో పెద్దాయన రేడియో, వంటింట్లో ఆయన కూతురు కేకు పిండి కలిపే మిక్సర్, ఈ రెండింటినీ మింగేస్తూ షేర్ మార్కెట్ ఛానల్. ఆ ఛానల్ కొడుకు కోసం. కొడుకు బీమా ఆఫీసులో పనిచేస్తాడు. ఎవరి ఇంటికి ఎంత ముప్పు ఉంది, ఎవరి లారీకి ఎంత విలువ కట్టాలి అని రోజంతా చూసే ఉద్యోగం. అందుకని రిస్కు గురించి ఇంట్లో ఇంకెవరు నోరు విప్పినా ఆయనగారికి నవ్వొస్తుంది.

ఆ రోజు మాత్రం టీవీ కట్టేసి ఉంది. కట్టేసింది కొడుకే. కాలుగాలిన పిల్లిలా హాలుకీ బాల్కనీకీ మధ్య తిరుగుతున్నాడు. ఫోను తీసి చూస్తాడు, జేబులో పెడతాడు, రెండడుగులు వేసి మళ్లీ తీస్తాడు. బాల్కనీలో పాదం ఆనించే చోటు కూడా లేదు. కోడలు వారం వారం కొనుక్కొచ్చిన చిన్న చిన్న మొక్కల కుండీలు అక్కడ వరసలు కట్టాయి. ఒకదానికి కాలు తగిలి విసుక్కున్నాడు.

"టీవీ పాడైందాండీ?" కోడలు లంచ్ బాక్సు మూత పెడుతూ అడిగింది. ఆమెకు మందుబిళ్లల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ హాల్లో సూపర్‌వైజరు ఉద్యోగం.

"తలనొప్పిగా ఉంది."

"ఆ ఛానల్ పెడితే తలనొప్పి రావాల్సింది నాకు. మీకెందుకొచ్చింది?"

కొడుకు మళ్లీ ఫోను తీశాడు. అంతలో వంటింట్లోంచి చిన్నది వచ్చింది. పెద్దాయన కూతుర్ని ఇంట్లో అందరూ చిన్నదనే అంటారు, ముప్పై దాటినా సరే. మోచేతుల దాకా పిండి.

"అన్నయ్యా, కొట్టు ఓనరు ఫోన్ చేశాడు. నెలాఖరులోగా అడ్వాన్సు కట్టకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తాడట. ఓవెన్ అమ్మేవాడిదీ అదే పాట."

"కట్టేద్దాం, దానికేముంది," అన్నాడు పెద్దాయన రేడియో గొంతు తగ్గించకుండానే. "డబ్బు వీడి దగ్గరే ఉందిగా."

పెద్దాయన బతుకంతా మోటార్లకు వైండింగ్ చేసి ఒక షాపు సంపాదించుకున్నాడు. మోకాళ్లు మొరాయించాక అమ్మేసి, ఆ డబ్బు మొత్తం కొడుకు చేతిలో పెట్టాడు. చిన్నదానికి మంచి చోట కొట్టు దొరికేదాకా భద్రంగా ఉంచరా అన్నాడు. అది జరిగి ఏడాది కావొస్తోంది. ఇన్నాళ్లకు దొరికింది కొట్టు. ఏళ్ల తరబడి అన్నావదినల వంటింట్లో ఓ మూల ఊరందరి పుట్టినరోజులకీ కేకులు చేసిపెట్టిన పిల్ల, తన పేరుతో ఓ బోర్డు చూసుకోవాలనుకుంది. అంతకుమించి ఏమీ అడగలేదు.

"అది వెనక్కి తియ్యాలంటే కొంచెం టైం పడుతుంది నాన్నా," కొడుకు నీళ్లు నమిలాడు.

"ఎంత టైం?"

"చూస్తాను."

"చూడ్డం తర్వాత, ముందు డబ్బు తియ్యి, ఫ్యాక్ట్‌షీట్ అన్నయ్యా," అని చిన్నది నవ్వుతూ లోపలికి పోయింది. ఏ మ్యూచువల్ ఫండ్ లెక్కలు రాసిన ఫ్యాక్ట్‌షీట్ కనబడినా ప్రింటు తీసి, రంగు పెన్నుతో గీతలు కొట్టి, ఫ్రిజ్‌కి అంటించే అలవాటున్న మనిషికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

కోడలు చెప్పులేసుకుంటుంటే భర్త గుమ్మం దాకా వచ్చాడు. "ఇవాళ కూడా ఓవర్‌టైమేనా?"

"ఊఁ... ఉంటుంది." ఆమె చెప్పు పట్టీలో ఏదో వెతుకుతున్నట్టు తల ఎత్తలేదు.

"అమ్మయ్య," అన్నాడాయన, గుండెల మీంచి బరువు దిగినట్టు.

ఆమె మెట్లు దిగింది గానీ ఆ మాట ఆమెను వదల్లేదు. పెళ్లాం ఆలస్యంగా వస్తానంటే మొగుడు అమ్మయ్య అనడమేమిటి?

ప్యాకింగ్ హాల్లో నాలుగు లైన్లుంటాయి. రెండు ఎప్పుడో ఆగిపోయాయి. బయటిదేశాల ఆర్డర్లు తగ్గాయి, గిడ్డంగిలో పెట్టెలు పేరుకుపోయాయి. సైరన్ మోగగానే అందరూ టైముకే ఇంటికి పోతున్నారు. ఆ రోజు టీ తాగేటప్పుడు పక్క లైను ఆవిడ గొంతు తగ్గించి, వచ్చే నెల ఒక షిఫ్టు ఎత్తేస్తారట అని చెప్పింది. కోడలు సగం తాగిన టీ కప్పు పక్కన పెట్టేసింది.

సైరన్ మోగాక ఆమె ఇంటివైపు వెళ్లలేదు. రోజూలాగే రెండు వీధుల అవతలున్న మొక్కల నర్సరీకి వెళ్లి, వెనకాల పాత బెంచీ మీద కూర్చుంది.

మొదట్లో ఓవర్‌టైం నిజమే. ఊపిరాడనంత పని. ఆ డబ్బు ఏడాది చివర బోనసుతో కలిపి ఇస్తారు కాబట్టి దాని గురించి ఇంట్లో ఎవరూ లెక్కలడగలేదు. ఒకనాడు ఆ రెండు గంటల ఓవర్‌టైం ఆగిపోయింది. ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరితే కాళ్లు కదల్లేదు. ఇంట్లో వాళ్లంటే ఇష్టం లేక కాదు. రేడియో బ్యాటరీ కోసం మామగారు ఆమెనే పిలుస్తారు, ఓవెన్ ట్రే కోసం చిన్నది ఆమెనే పిలుస్తుంది, టీవీ రిమోటు కోసం ఆయనా ఆమెనే పిలుస్తాడు. ఈ బెంచీ మీద ఆమెను ఎవరూ పిలవరు. ఊరికే కూర్చోవడానికి సిగ్గేసి వారానికో మొక్క కొనేది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే నెలలు గడిపేసింది.

ఆ రోజు మాత్రం బెంచీ మీద కూడా మనసు నిలవలేదు. షిఫ్టు మాట ఒకవైపు, ఆ అమ్మయ్య ఇంకోవైపు. ఒక చిన్న కుండీ కొనుక్కుని పెందలాడే లేచింది.

మెట్ల మీద ఉండగానే గొంతులు వినిపించాయి. తలుపు బార్లా తీసి ఉంది. డైనింగ్ టేబుల్ మీద రంగు గీతల కాగితాలు పరిచి ఉన్నాయి. కొడుకు తల పట్టుకుని కూర్చున్నాడు. చిన్నది పిండి చేతులతో నిలబడే ఉంది.

"మళ్లీ చెప్పు. దేంట్లో పెట్టావు?"

"మందుల కంపెనీల ఫండ్. సెక్టార్ ఫండ్ అంటారు. ఒకే రంగం కంపెనీలుంటాయి."

"అంటే మందులకు జలుబు చేస్తే మొత్తానికీ చేస్తుంది. ఎంత పోయింది?"

"పావు వంతు. ఇంకొంచెం ఎక్కువే."

చిన్నది కుర్చీలో కూలబడింది. పెద్దాయన కొడుకు మొహం వైపే చూస్తున్నాడు. ఆ చూపుకే కొడుకు ఎక్కువ బెదిరిపోయాడు.

"చూడకుండా పెట్టలేదు నాన్నా. రాబడి చూశాను. ఏడాదిది చూశాను, మూడేళ్లది, ఐదేళ్లది..."

"ఐదేళ్లది ఎలా ఉంది?" చిన్నది అడిగింది.

"మామూలుగానే ఉంది. ఆ ఒక్క ఏడాదే బాగా ఎగిరింది."

"ఆ ఎగిరింది చూసి పెట్టావన్నమాట. మరి రిస్కు?"

"చాలా ఎక్కువ అని కాగితం మీదే ఉంది. ఎగుడుదిగుళ్లు మామూలు ఫండ్‌కి దాదాపు రెట్టింపు. అందులోనూ సగం డబ్బు ఐదారు కంపెనీల్లోనే."

"లారీలకి రిస్కు చూసి సంతకం పెట్టేవాడివి, చెల్లెలి కొట్టు దగ్గరికొచ్చేసరికి కళ్లు మూసుకున్నావా?"

పెద్దాయన అప్పుడు నోరు తెరిచాడు. "నేను పాత మోటారు కొన్నా అడిగేవాణ్ని కదరా, వీడు చెప్పే ధరెంత, దీని అసలు విలువెంత అని. నువ్వు కొన్నప్పుడు ఆ ధర సబబుగా ఉందా?"

కొడుకు ఒక గీత మీద వేలు పెట్టాడు. "ఆ కంపెనీల ఏడాది లాభానికి నలభై రెట్లు ధర పలికింది. ఎప్పుడూ ఉండేది పాతిక రెట్లు, అంతే."

"కొండెక్కిన ధరని తెలిసే కొన్నావు."

"లాభాలు పెరిగితే ఆ ధరా తక్కువే అవుతుంది నాన్నా. లాభాలు పెరుగుతాయని నాకు గట్టి నమ్మకం."

"ఎవరు చెప్పారు?"

కొడుకు తలెత్తాడు. గుమ్మంలో కుండీ పట్టుకుని నిలబడ్డ భార్య కనిపించింది. "తను," అన్నాడు.

కోడలు నోరు వెళ్లబెట్టింది. "నేనా?"

"నోటితో చెప్పలేదులే. కానీ రోజూ ఓవర్‌టైం అన్నావు. పని లేకపోతే ఏ ఫ్యాక్టరీ అయినా ఓవర్‌టైం ఇస్తుందా? టీవీలో వాగేవాళ్ల కంటే ముందు ఈ రంగం సంగతి మన ఇంటికే తెలుస్తోందని మురిసిపోయాను. మొదట సగమే పెట్టాను. మిగతా సగం బ్యాంకులో డిపాజిట్ చేశాను. నీ ఓవర్‌టైం ఆగకపోయేసరికి మూడు నెలల కింద ఆ సగం కూడా తీసి ఇందులోనే పోశాను. పడ్డం మొదలయ్యాక కూడా నిన్ను చూసే ధైర్యంగా ఉన్నాను. ఇవాళ పొద్దున అడిగానా లేదా? ఉందన్నావు."

కోడలు కుండీని మెల్లగా నేల మీద పెట్టింది. పొద్దుటి అమ్మయ్యకు అర్థం ఇప్పుడు తెలిసింది.

"ఓవర్‌టైం లేదండీ," అంది. "ఆగిపోయి నాలుగు నెలలైంది."

"మరి రోజూ ఎక్కడికెళ్లావు?"

"నర్సరీకి. బెంచీ ఉంటుంది. కూర్చుంటాను."

"కూర్చుని?"

"కూర్చుంటానంతే."

చిన్నది చూపు బాల్కనీలోకి పోయింది. ఆ కుండీల వరసంతా ఆమెకు ఇప్పుడు కొత్తగా కనిపించింది.

కొడుక్కి మాత్రం ఒళ్లు మండింది. "మొక్కల మధ్య కూర్చోడానికి అబద్ధమాడావా? నీ అబద్ధం మీద నాన్న జీవితమంతా సంపాదించింది పెట్టాను నేను."

"నన్నడిగి పెట్టారా?" ఆమె నేల మీది కుండీ దాటి టేబుల్ దగ్గరికి వచ్చింది. "నేను ఏ టైముకి ఇల్లు చేరుతున్నానో లెక్కేసుకున్నారు. ఆ లెక్కతో ఫండు కొన్నారు. ఎలా ఉన్నావు, ఫ్యాక్టరీలో ఎలా ఉంది అని ఒక్క పూటైనా అడిగారా? అడిగుంటే చెప్పేసేదాన్ని. అడిగుంటే ఆ బెంచీతోనే పనుండేది కాదేమో."

ఆయన తల దించి ఆ రంగు గీతల వైపు చూశాడు.

పెద్దాయన చెయ్యి చాపి రేడియో కట్టేశాడు. ఎవరూ చెప్పకుండా ఆయన దాన్ని కట్టేయడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. "డబ్బు సంగతి ఆనక చూద్దాం. ఏమ్మా, ఆ రెండు గంటలూ నీకు ఈ ఇంట్లో దొరకలేదా?"

"అదేం లేదు మామయ్యా," అనబోయింది కోడలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ బెంచీ మీద కూడా ఏడవని ఏడుపది.

చిన్నది లేచి వచ్చి పిండి చేతులతోనే ఆమెను పట్టుకుంది. "ఊరుకో వదినా. నీ వంటిల్లు ఆక్రమించి కూర్చున్నదాన్ని నేను. ఆ మిక్సర్ మోత నాకే భరించలేనట్టుంటుంది, నీకెలా ఉంటుంది? కొట్టుకి పోతే నీ వంటింట్లో నువ్వు కాస్త ఊపిరి తీసుకుంటావనుకున్నాను. అదీ ఇప్పుడు..." ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది. కాసేపటికి అన్నవైపు తిరిగింది. "ఆ ఫండు ఐదారేళ్లు కదలకుండా ఆగగలిగేవాళ్లది అన్నయ్యా. నాకు నెలాఖరుకే డబ్బు కావాలి. ఆ ఒక్కటే నువ్వు చూడలేదు."

కొడుకు కాగితాలన్నీ ఒక్కటొక్కటే దగ్గరికి లాగాడు. ఇంతసేపటికి ఆయన కళ్లలోనూ తడి కనిపించింది. "నిజమే. రాబడి చూశాను, రిస్కు చూశాను, ధర చూశాను. ఈ డబ్బు ఎవరిది, ఎప్పటికి కావాలి అన్నది చూడలేదు." భార్య వైపు తిరిగాడు. "కారు కోసమని మన ఇద్దరి పేరా డిపాజిట్ ఉంది కదా. నువ్వు సరేనంటే నాన్నకివ్వాల్సింది మొత్తం అందులోంచి ఇచ్చేద్దాం. ఆ ఫండ్ నేనుంచుకుంటాను. నష్టం నాది."

కోడలు ముక్కు తుడుచుకుంది. "మనది అనండి. నష్టంలో సగం నా బెంచీది."

చిన్నది ఏడుపులోనే ఫక్కున నవ్వింది. పెద్దాయన కూడా మీసాల చాటున నవ్వుకున్నాడు.

"కానీ అంతా అందులోనే ఉంచొద్దు," అంది కోడలు. "వచ్చే నెల ఒక షిఫ్టు ఎత్తేస్తారంటున్నారు. నాదీ పోవచ్చు, పోకపోవచ్చు. నా జీతమూ మందుల మీదే, మనం దాచుకున్నదీ మందుల మీదేనా?"

ఆయన భార్యను అలాగే చూశాడు. ఆ ఉద్యోగ భయాన్ని ఆమె ఒక్కతే మోస్తోందని ఆయనకు ఆ క్షణందాకా తెలియదు. "నష్టమైనా సరే, రేపే చాలామటుకు తీసేస్తాను. కొంచెమే ఉంచుదాం, అదీ నువ్వు ఉండనిమ్మంటేనే," అన్నాడు నెమ్మదిగా.

మర్నాడు సైరన్ మోగగానే కోడలు తిన్నగా ఇంటికే వచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది. టీవీ మోత లేదు. పెద్దాయన రేడియోను చెవికి ఆనించుకుని, తనకొక్కడికే వినబడేలా పెట్టుకున్నాడు. వంటింట్లో చిన్నది మిక్సర్ పక్కన పెట్టి, చేత్తోనే పిండి కలుపుతూ ఆపసోపాలు పడుతోంది. అడ్వాన్సు కట్టేశామన్నట్టు బొటనవేలు పైకెత్తి చూపించి, మాట్లాడకుండా బాల్కనీ వైపు సైగ చేసింది.

బాల్కనీలో కుండీలన్నీ గోడవారకు సర్దేసి ఉన్నాయి. మధ్యలో ఒక కుర్చీ. ఆఫీసుకు వెళ్లే ముందు అన్నయ్యే వేశాడని గుసగుసగా చెప్పి, చిన్నది తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. కోడలు కూర్చుంది. ఎవరూ పిలవలేదు. లోపల ఏదో గిన్నె కిందపడింది. ఉష్ అని తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు గదమాయించుకోవడం వినబడింది.

ఫోను మోగింది. ఆయనే.

"ఇంటికొచ్చావా?"

"వచ్చానండీ."

ఏదో అడగాలనీ, ఎలా అడగాలో తెలియదనీ ఆయన ఊపిరిలోనే తెలుస్తోంది. చివరికి అడిగాడు. "ఎలా ఉన్నావు?"

ఆమెకు కళ్లు నిండిపోయాయి. మొక్కలన్నీ మసకబారాయి. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి, ఇప్పుడే అన్నీ చెప్పేయాలనిపించింది. అయినా కన్నీళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

"ఓవర్‌టైంలో ఉన్నానండీ. మీరింటికి రండి, కూర్చోబెట్టి అంతా చెబుతాను."