దిగకముందే వచ్చిన మిస్డ్ కాల్

కూతురి ఫోన్ పోయిన రోజు ఉదయం, అమ్మ బట్టలు ఆరేస్తోంది. తన ఫోన్ పక్కన కిటికీలో పెట్టుకుంది. కూతురు కరెంటు లైన్ల పనిలో చేరినప్పటి నుంచీ ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉంది: స్తంభం ఎక్కేముందు ఒక మిస్డ్ కాల్, దిగాక ఇంకొకటి. ఆ రెండింటి మధ్యలో అమ్మకు చేతులాడవు.

ఆ రోజు మొదటిది వచ్చింది. రెండోది రాలేదు. తిరిగి చేస్తే స్విచ్ఛాఫ్. పొద్దున కూతురు చెప్పిన వీధి గుర్తుంది. అమ్మ బస్సెక్కింది.

అప్పటికి కూతురు మరో స్తంభం మీద ఉంది. నడుముకు బెల్టు, చేతులకు రబ్బరు తొడుగులు. అమ్మ పిలవబోయి ఆగింది. ఇన్నాళ్లూ ఊహించుకుని వణకడమే గానీ, ఆ పని ఎలా చేస్తారో ఆమె ఎన్నడూ చూడలేదు.

"తీగలకు ఆ గొలుసెందుకు తగిలించింది?" అని కింద నిలబడ్డ మేస్త్రీని, తానెవరో చెప్పి అడిగింది.

"కరెంటు ఆపేశాక కూడా ఎక్కడినుంచైనా వస్తే నేలలోకి పోవడానికమ్మా. అది తగిలించందే మీ అమ్మాయి తీగ ముట్టదు, మమ్మల్ని ముట్టనివ్వదు. మా అందరికీ అత్తగారనుకోండి."

కూతురు దిగి వచ్చింది. "నువ్వెందుకొచ్చావమ్మా? మేస్త్రీ ఫోన్‌తో చేద్దామంటే నీ నంబరు నోటికి రాదు."

"నీ ఫోనేది?"

"పైనుంచి పడి పగిలింది."

"జేబులోది ఎలా పడిందే?"

మేస్త్రీ మంచినీళ్ల వంకతో పక్కకు వెళ్లాడు.

"చేతిలో ఉంది. నీకు చేస్తున్నాను."

"దిగకుండానే?"

"ఆలస్యమైతే బెంబేలెత్తిపోతావని. చాలాసార్లు అలాగే చేశా. పైనే తొడుగు విప్పి."

అమ్మ స్తంభాన్ని కింది నుంచి పై దాకా చూసింది. హమ్మయ్య అని తను ఊపిరి పీల్చుకున్న ఆ రెండో కాల్స్ ఎన్నో అలా పైనుంచే వచ్చాయి.

"మీ నాన్న ఏ స్తంభమూ ఎక్కలేదు," అంది. "నిద్రలో పోయాడు. పక్కనే ఉన్నాను."

"నువ్వు మేలుకునున్నా నాన్న ప్రాణం ఆగేది కాదమ్మా."

"ఇక కాల్స్ వద్దు. సాయంత్రం ఇంటికి రా, చాలు."

"ఉండగలవా?"

"ఏమో. ఉంటే ఎలా ఉంటుందో చూడాలనుంది."

"చూసి నాకూ చెప్పు," అంటూ కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. తొడుగులో నాని ఆ అరచెయ్యి చెమ్మగా ఉంది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దాకా అమ్మ ఓర్చుకుంది. ఆ తర్వాత మేస్త్రీ నంబరైనా తీసుకోనందుకు తనను తానే తిట్టుకుంది. సాయంత్రం ఆ మాటే చెప్పింది.

"మధ్యాహ్నం దాకానా? నేను పదింటిదాకానే అనుకున్నా," అంది కూతురు.

పూర్తిగా ఒక పగలు భయం లేకుండా గడపడం అమ్మకు ఇంకా కుదరలేదు.