గడప దాటని గొంతు

సుభాషిణి ఆ రోజు ముప్పై ఏడో గొంతును బాగుచేసి, చల్లారిన టీ ఒక గుక్క తాగింది. ‘నౌకారణం’ అనే ఆన్‌లైన్ ఓడల ఆటలో ఆ మధ్యాహ్నం పదకొండు లక్షల మంది ఉన్నారు. వాళ్లు ఆడుతూ మాట్లాడుకునే మాటలన్నీ విశాఖలోని ఈ స్వరశాల గుండానే పోవాలి. తమ గొంతు అవతలివాళ్లకు చేరనివాళ్లు ఇక్కడికి ఫోన్ చేస్తారు. చాలావరకు చిన్న తప్పులే. ఒకరు మైకు మ్యూట్‌లో పెట్టి మరిచిపోతారు. ఇంకొకరి కంప్యూటరు హెడ్‌సెట్‌ను వదిలేసి కెమెరాలోని మైకును పట్టుకుంటుంది.

ముప్పై ఎనిమిదో ఫోన్ ఎత్తగానే అవతల్నుంచి కేక.

“ఏటమ్మా, నాలుగోసారి సేత్తన్నాను ఫోను! ఆటలో నా గొంతు ఒక్కలికీ ఇనబడ్డం నేదు. మీరేమో మైకు మార్సమంతారు. మూడు మైకులు మార్సినాను. ఇంకేటి మార్సాల, నా పీకా?”

పేరు గున్నమ్మ. భావనపాడు తీరంలో వలలు అల్లుతుంది. మరో నలుగురు ఆడవాళ్లతో మూడేళ్లుగా ఆడుతున్న జట్టుకు నాయకురాలు. నాలుగు గంటలకు జట్ల ఆఖరి పోటీ. రెండు నిమిషాలు గొంతు వినిపించని నాయకులను ఆట ‘మౌని’ అని ముద్రవేసి ఓడ దింపేస్తుంది. ఆమెను ఇప్పటికే మూడుసార్లు దింపింది. నాలుగోసారి దింపితే జట్టు పేరే చెరిపేస్తుంది.

“మైకుకు అనుమతి ఇచ్చారా అండీ?”

“ఇచ్చినాను.”

“మాట్లాడేటప్పుడు నొక్కే మీట?”

“నొక్కే ఉంచినాను. ఏలు నొప్పెడతంది.”

సుభాషిణి తెర మీద ఆ గొంతు దారి వెంట నడిచింది. మైకు నుంచి కంప్యూటరుకు, అక్కణ్నుంచి సర్వరుకు చక్కగా వస్తోంది. మాటను చప్పుడు నుంచి వేరుచేసే స్వరగడప దగ్గర చచ్చిపోతోంది. గడప ప్రతి గొంతుకూ మార్కులు వేస్తుంది. అరవై రెండు దాటితే మాట, దాటకపోతే చప్పుడు. గున్నమ్మకు పడినవి నలభై ఒకటి. పక్కన కారణం: ‘గాలి, సముద్రఘోష.’

“ఓడను ఎడమకు తిప్పండి” అని సుభాషిణి తన మైకులో అంది. తొంభై ఏడు. గున్నమ్మను అదే మాట అనమంది. “ఓడ ఎడంపక్కకి తిప్పీండే!” ముప్పై తొమ్మిది.

పాత ఫిర్యాదులు తెరిచింది. మూడింటి కిందా ఒకే వాక్యం: ‘పరికరంలో లోపం. ముగించడమైనది.’ మూడింటి కిందా తన సంతకమే. ఆమె చెవులు వేడెక్కాయి.

లేచి షిఫ్టు అధికారి చక్రధర్ దగ్గరికి వెళ్లింది.

“సార్, గడప ఈవిడ యాసను చప్పుడంటోంది.”

“తెలుసండీ. దానికి నేర్పిన గొంతులన్నీ కృష్ణా, గుంటూరు వైపువి. మిగతావి వచ్చే ఏడు చేరుస్తారు. అప్పటిదాకా పరికర లోపమని మూసెయ్యండి.”

“ఇలా ఎంతమంది ఉన్నారు?”

“నాలుగు శాతం. మిగతా అందరికీ హాయిగా వినిపిస్తోందిగా!”

“నాలుగు శాతమంటే నలభై నాలుగు వేలమంది సార్! వాళ్లందరికీ మనం అబద్ధం చెబుతున్నామా?”

“గొంతు తగ్గించండి సుభాషిణిగారూ.”

ఆమె తగ్గించలేదు. “సిగ్గులేదా మనకి?” అని గది మొత్తానికి వినబడేలా అరిచి తన సీటుకు వచ్చేసింది.

టైము మూడూ యాభై ఎనిమిది. గడపను ఒక్కరి కోసం దించే వీల్లేదు, దించితే పదకొండు లక్షల మందికీ దిగాలి. అనుమతి లేకుండా దించిన వాళ్లు మర్నాడు ఉద్యోగంలో ఉండరు. ఆమె దాన్ని సున్నాకు దించింది.

ఫ్యాన్ల రొద, కుక్కర్ల విజిళ్లు, పసిపిల్లల ఏడుపు ఒక్కసారిగా ఆటలోకి వచ్చి పడ్డాయి. “అన్నా, నా మాట ఇనవడ్తుందా? నిజంగనేనా?” అని ఎవరో పదే పదే అడుగుతున్నారు. వాటి మధ్యలోంచి గున్నమ్మ తన జట్టుమనిషికి వేసిన కేక దూసుకొచ్చింది. “పైడితల్లీ, తెరసాప దించీయే! ఎడంపక్కకి, ఎడంపక్కకి!”

పదకొండు నిమిషాలు ఆమె ఓడ నడిపింది. పన్నెండో నిమిషంలో చక్రధర్ పరుగున వచ్చి గడపను పైకెత్తాడు. గున్నమ్మ మాట సగంలో తెగిపోయింది.

“మీరింక వెళ్లొచ్చు” అన్నాడు ఆయన రొప్పుతూ.

సుభాషిణి తెర చూపించింది. ఎదుటి జట్టు విజయవాడది; పోటీలో ఇరుజట్ల మాటలూ అందరికీ వినబడతాయి. వాళ్ల నాయకురాలు ఇందుమతి ఓడ ఆపేసింది. “ఇప్పటిదాకా చక్కగా మాట్లాడిన మనిషి నోరు ఎందుకు మూశారు? ఆవిడ గొంతు వచ్చేదాకా మేం ఆడం” అని ఆమె పంపిన ఫిర్యాదు అన్నిటికంటే పైన ఉంది. దాని కింద వందలు, చూస్తుండగానే వేలు.

ఫోన్ ఇంకా కలిసే ఉంది. “ఏటయిందమ్మా? మల్లీ ఆపీసినారా?”

“ఆపింది మేమే గున్నమ్మగారూ. మీ మైకు మొదట్నుంచీ బాగానే ఉంది. మూడుసార్లూ దానిదే లోపమని రాసింది నేనే.”

“మరి మూడుసార్లు నాకెందుకు అబద్దం సెప్పినావు?”

“మీ మాట పూర్తిగా వినలేదు. పట్టించుకోలేదు. అంతే.”

“ఒలమ్మ! ఎంత సులువుగా సెప్పీసినావు! అయితే ఇప్పుడు పట్టించుకో. నా గొంతు తెరిసీయ్!”

చక్రధర్ వద్దంటున్నాడు. సుభాషిణి గడపను మళ్లీ సున్నాకు దించి, రెండు చేతులూ బల్లకు ఆనించి, ఆయనకూ తెరకూ మధ్య అడ్డంగా నిలబడింది.